ముళ్ళకంప మీద కసాయి పిట్ట

పలమనేరుకు లోపలగా ఉన్న ఒక పల్లెలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత, సంఘములోని ఒక తల్లి మమ్మును ప్రక్కకు పిలిచింది. ఆమె ముఖము వాడిపోయి ఉన్నది. "అయ్యగారూ, మీరొక్కసారి మా ఇంటికాడికి రావాల. ఎవురో మా మీద ఏందో చేసిండారు" అన్నది.

వెళ్ళి చూచాము. పశువుల దొడ్డి చుట్టూ రేగుకంప నాటిన కంచె. ఆ కంప మీద ఒక తొండ మెడ దగ్గర ముల్లు దిగి, కాళ్ళు వేలాడుతూ ఉన్నది. దానికి జానెడు దూరములో రెండు మిడతలు, ఒకదాని ప్రక్కన ఒకటి, ఎవరో చేతితో గుచ్చిపెట్టినట్లే ఉన్నాయి. ఇంకొంచెము అవతల ఒక చిట్టెలుక. దాని ముందు భాగము లేదు. మూడు దినములుగా రోజుకొకటి ఇట్లు కనబడుతున్నదట. అదే వారములో ఆవు పాలు తగ్గినవి. మనుమడికి జ్వరము వచ్చినది. ప్రక్క ఇంటివారు దాయాదులే. పొలము గట్టు విషయములో రెండేండ్లుగా ఆ రెండు ఇండ్లకు మాటలు లేవు. ఇక చెప్పవలసినదేమున్నది? నిమ్మకాయలు మంత్రించే మనిషికి కబురు పంపుటకు ఇంటి పెద్దకుమారుడు అప్పటికే సైకిలు బయటకు తీసి ఉన్నాడు.

మేము చిన్నతనములో మేకల వెంట తిరిగినవారము గనుక, ఆ తొండను చూడగానే సంగతి అర్థమైనది. అయితే మేము నోటితో చెప్పితే వారు నమ్ముతారా? "ఈ ఒక్క రాత్రి ఓర్చుకోండి, రేపు తెల్లవారి మనమందరము కలిసి చూద్దాము" అని ఆ అబ్బాయి సైకిలుకు మేమే స్టాండు వేశాము. ఆ రాత్రి అక్కడే పండుకొన్నాము.

ఉదయము ఆరు గంటలకు వేపచెట్టు క్రింద కూర్చున్నాము. అరగంట గడిచినది. అప్పుడు కరెంటు తీగ మీదినుండి ఒక పిట్ట బాణమువలె గడ్డిలోనికి దిగి, నోట ఒక పెద్ద మిడతతో పైకి లేచి, తిన్నగా వచ్చి రేగుకంప మీద వాలినది. మిడతను ముల్లుకు ఆనించి తన మెడతో ఒక్క లాగు లాగినది. ముల్లు దిగినది. ఇంకొకసారి లాగి, గట్టిగా ఉన్నదో లేదో చూచుకొని, తల భాగము మాత్రము తుంచి తిని ఎగిరిపోయినది. ఇంటివారు చూచారు. గోడ అవతలినుండి దాయాదులు కూడ చూచారు. ఆ తల్లి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇంత చిన్న ముండకు ఇంత పనా!" అన్నది. మంత్రించేవాడిని పిలవలేదు. గట్టు తగాదా మాత్రము తీరలేదు, ఆ సంగతి కూడ ఇక్కడ చెప్పవలెను.

ఈ పిట్ట పేరేమని పల్లెలో అడిగితే ఒకరు ఒకటి చెప్పారు, మరొకరు "ఏదో కంపపిట్టయ్యా" అన్నారు. పుస్తకములలో దీనిని కసాయి పిట్ట అంటారు. ఆ పేరు మనవారు మాత్రమే పెట్టినది కాదు. 1758లో స్వీడను దేశస్థుడైన లిన్నేయస్ జంతువులకు లాటిను పేర్లు పెట్టినప్పుడు దీని జాతికి 'లానియస్' అని పేరు పెట్టాడు. ఆ మాటకు అర్థము కసాయివాడు. జర్మనీలో దీని బంధువైన ఒక పిట్టను 'తొమ్మిదిమందిని చంపేది' అని పిలుస్తారు. తొమ్మిది ప్రాణులను ముళ్ళకు గుచ్చితే గాని భోజనము మొదలుపెట్టదని అక్కడి పాతకాలపు రైతుల నమ్మకము. ఉత్తరాదివారు లటోరా అంటారు. ఈ కుటుంబములోని పిట్టలు ప్రపంచములో ముప్పైకి పైగా రకములున్నవి. ఎక్కువ ఆఫ్రికా, ఆసియా, ఐరోపా ఖండములలోనే. ఉత్తర అమెరికాలో రెండే రకములు.

మేము ఆ ఉదయము చూచినది పొడవుతోక కసాయి పిట్ట. పికిలి పిట్ట కంటె కొంచెము పెద్దది, తోకతో కలిపి 25 సెంటీమీటర్లు ఉంటుంది. తల, వీపు పైభాగము బూడిద రంగు. నడుము దగ్గరకు వచ్చేసరికి ఇటుక రంగు. రెక్కలు, తోక నల్లన, రొమ్ము తెలుపు. అన్నిటికంటె ముందు కనబడేది దాని కండ్ల మీదుగా ముక్కు నుండి చెవి వరకు ఉన్న నల్లని పట్టె. ముఖానికి గుడ్డ కట్టుకొన్న దొంగవలె ఉంటుంది. మా సండేస్కూలు పిల్లలైతే దీనికి 'దొంగపిట్ట' అని పేరు పెట్టేశారు.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో దీనికి తోడు ఇంకొక చిన్న రకమున్నది. అది 18 సెంటీమీటర్లకు మించదు. వీపు గాఢమైన కాఫీపొడి రంగు, ఎగిరినప్పుడు రెక్కలలో తెల్లని మచ్చ మెరుస్తుంది. రాళ్ళగుట్టల మొదట తుమ్మచెట్లు, బలుసు పొదలు ఉన్న చోటంతా ఇది కనబడుతుంది. మూడవది బూడిద రంగుది, నాలుగింటిలో బలమైనది. చెట్లు పలుచగా ఉన్న మిక్కిలి ఎండునేలలు దానికి ఇష్టము. శాస్త్రజ్ఞులు దాని పేరులో లటోరా అనే హిందీ మాటనే చేర్చారు. నాలుగవది చలికాలపు అతిథి. దానిని గూర్చి తరువాత చెప్పుతాము.

ఇప్పుడు అసలు విచిత్రము. ఈ పిట్ట గద్దల కుటుంబములోనిది కాదు. పిచ్చుక, గోరింక, పికిలి పిట్ట వలె పాడే పక్షుల వర్గములోనిది. కాకి, పసుల పోలిగాడు దీనికి దూరపు చుట్టములు. గద్దకు తిండిని అదిమిపట్టే గోళ్ళున్నవి. ఒక కాలితో నొక్కిపట్టి ముక్కుతో చీల్చుకొంటుంది. కసాయి పిట్టకు ఉన్నవి కొమ్మను పట్టుకొనే సన్నని కాళ్ళు మాత్రమే. తొండను ఆ కాళ్ళతో పట్టి చీల్చవలెనంటే దాని వల్ల కాదు. మన ఇండ్లలో స్త్రీలు కత్తిపీటను కాలితో అదిమి కూరగాయలు తరుగుట చూస్తాము గదా. కత్తి కదలకుండా ఉంటేనే చేతికి పని జరుగుతుంది. ఈ పిట్టకు ముల్లు అటువంటిదే. ముల్లు పట్టుకొంటుంది, ముక్కు చీల్చుతుంది. చెట్టుకొమ్మ చీలి రెండుగా ఉంటే ఆ సందులో ఇరికించి కూడ తింటుంది. ముళ్ళతీగ ఉన్నచోట ముళ్ళతీగనే వాడుకొంటుంది. క్రూరత్వముతో గుచ్చుతున్నదని అనుకొన్నవారు దాని కాళ్ళను చూడలేదు.

కాళ్ళు బలహీనమైనా ముక్కు మాత్రము వేటగాని ముక్కే. కొన వంకర తిరిగి, దానికి కొంచెము వెనుక పన్ను వంటి నొక్కు ఉంటుంది. ఎలుక, తొండ వంటివి దొరికితే ఈ నొక్కుతో మెడ వెనుక వెన్నుపూసల నడుమ కొరుకుతుంది. అంతటితో ఆగదు. అమెరికాలో ఈ పిట్ట బంధువు ఎలుకను పట్టి తల అటూ ఇటూ విదిలించుటను శాస్త్రజ్ఞులు వేగముగా తీసే కెమెరాలతో చిత్రీకరించి 2018లో ప్రకటించారు. ఆ విదిలింపులో ఎలుక శరీరము మీద పడే త్వరణము భూమ్యాకర్షణకు ఆరు రెట్ల వరకు ఉన్నదట. మెల్లగా పోతున్న కారును వెనుకనుండి మరొక కారు గుద్దితే లోపల కూర్చున్నవాని మెడకు తగిలే దెబ్బ ఎటువంటిదో అది అటువంటిదని వారు పోల్చి చెప్పారు. దానిని చేసే పిట్ట బరువు యాభై గ్రాములకు అటూ ఇటూ.

తిండి మాటకు వస్తే, ఎలుకలు తొండలు దీనికి పండుగ భోజనము మాత్రమే. దినదినపు అన్నము పురుగులే. మిడతలు, కీచురాళ్ళు, గొంగళి పురుగులు, పేడపురుగులు. ఇతర పిట్టల గూళ్ళలోని పిల్లలను ఎత్తుకొనిపోవుట కూడ ఉన్నది, దాచి లాభము లేదు. ఎత్తైన చోట కదలకుండా కూర్చుని నేలను చూస్తూ ఉండుట, కదలిక కనబడగానే దిగుట, మరల అదే చోటికి వచ్చుట, ఇదే దాని వేట.

దొరికినదంతా అప్పుడే తినక ముళ్ళకు దాచుటకు వేరొక కారణమున్నది. వానలో, మబ్బులో పురుగులు బయటకు రావు. గూటిలో పిల్లలు నోళ్ళు తెరిచి ఉంటాయి. ఆ దినమునకు ఈ కొట్టు. అయితే ఇశ్రాయేలు దేశపు దక్షిణమున నెగెవు ఎడారిలో బూడిదరంగు కసాయి పిట్టలను పరిశీలించిన ర్యూవెన్ యోసెఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1989లో మరొక సంగతి బయటపెట్టాడు. జతకట్టే కాలము రాగానే మగపిట్టలు తమ ముళ్ళ మీద సరుకు పెంచుతాయి. ఆడపిట్ట ఆ కొట్టును చూచి జతను ఎన్నుకొంటుంది. ఆయన కొన్ని మగపిట్టల కొట్లనుండి తిండి తీసివేశాడు, కొన్నింటికి తానే కలిపాడు. తీసివేసిన వాటికి ఆ ఏడు సంసారము లేదు. కలిపిన వాటికి పిల్లలు ఎక్కువ కలిగాయి. మన పల్లెలలో పిల్లనిచ్చేముందు అబ్బాయి ఇంటి గాదె చూచి వచ్చే పెద్దలుండేవారు. వారు గుర్తుకు వచ్చారు.

ఇంకొక పరిశీలన 1992 నాటిది, అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగినది. అక్కడ ఒక పెద్ద మిడత ఉన్నది. దానిని తిన్న పక్షులు కక్కుకొంటాయి, అంత విషము. కసాయి పిట్ట ఆ మిడతను కూడ పట్టి ముల్లుకు గుచ్చి, ఒకటి రెండు దినములు వదిలివేస్తుంది. చనిపోయిన మిడతలో విషము ఆ వ్యవధిలో విరిగిపోతుంది. అప్పుడు వచ్చి తింటుంది. మన పొలాల గట్లమీద జిల్లేడు ఆకులు తినే పసుపు, నీలము చారల మిడతను అందరూ చూచి ఉంటారు. అది జిల్లేడు పాల విషమును ఒంటిలో నింపుకొని తిరుగుతుంది. దానిని ఎప్పుడైనా ముల్లు మీద చూస్తే ఈ సంగతి తలచుకొని, రెండు దినములు ఆగి మరల చూడండి.

"అయ్యగారూ, అది పాపము చేసే పిట్టా?" అని సండేస్కూలులో ఒక చిన్నది అడిగినది. మీ ఇంట్లో నిన్న కోడికూర వండారా అని మేము అడిగాము. అవునన్నది. అంతటితో ఆ ప్రశ్న ముగిసినది.

కసాయి అని పేరు పెట్టినవారు దీని పాట వినియుండరు. మామూలుగా దీని కూత కర్ణకఠోరము. పొడవుతోక పిట్టకు శాస్త్రజ్ఞులు పెట్టిన 'షాక్' అనే పేరు ఆ కూతనుబట్టి వచ్చినదే. కాని జతకట్టే కాలములో మధ్యాహ్నపు వేళ పొద మాటున కూర్చుని లోగొంతుతో పాడుతుంది. ఆ పాటలో దాని స్వంతము కొంచెమే, మిగిలినదంతా అరువు. తీతువు పిట్ట అరుపు, కోకిల కుటుంబపు కూతలు, ఉడుత కిచకిచలు, చివరకు కుక్కపిల్ల కుయ్యిమనుట కూడ దీనినుండి విన్నట్లు వ్రాసిపెట్టారు. పదిహేను, ఇరవై జాతుల గొంతులను ఒక్క పిట్ట అనుకరించగలదట. తీతువు అరిస్తే కీడు అని భయపడి ప్రయాణము మానుకొనేవారు మన పల్లెలలో ఇప్పటికీ ఉన్నారు. వారు మానుకొన్న ప్రయాణములలో కొన్నిటికి ఈ పిట్ట కారణమై ఉండవచ్చునని మాకు నవ్వు వస్తుంది.

వేసవి మొదలునుండి వానల వరకు గూడు కట్టుతుంది. ముళ్ళచెట్టు పంగలో పుల్లలు, గుడ్డపీలికలు, వెంట్రుకలు, ఉన్ని కలిపి లోతైన గిన్నెవలె అల్లుతుంది. మూడు నుండి ఆరు గ్రుడ్లు. సుమారు రెండు వారములు పొదుగుతుంది. తల్లి తండ్రి ఇద్దరూ మేపుతారు. కోకిల జాతివారు కొందరు దొంగచాటుగా తమ గ్రుడ్డును ఈ వేటగాని గూటిలోనే పెట్టి పోతారు. అంత చురుకైన కన్ను గలది తన గూటిలోని పరాయి గ్రుడ్డును గుర్తించలేక ఆ పిల్లను పెంచి పెద్దచేస్తుంది.

చలికాలపు అతిథి సంగతి. సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనా దేశములలో పుట్టిన గోధుమరంగు కసాయి పిట్ట సెప్టెంబరు నాటికి మన దగ్గరకు చేరుతుంది. ఏప్రిలు వరకు ఉంటుంది. వచ్చిన మొదటి దినములలో తెల్లవారుజామున, సాయంకాలమున గరగరమని అరిచి ఈ పొద నాదని చాటుతుంది. కాళ్ళకు గుర్తు తొడిగి వదిలి చూచినవారు, అదే పిట్ట మరుసటి ఏడు వేల కిలోమీటర్లు దాటి అదే చోటికి వచ్చినట్లు కనుగొన్నారు. ఒక మందిరము వెనుకనున్న తంగేడు పొదలో ప్రతి క్రిస్మసుకు ఒక పిట్ట ఉండేది. మాకు ఆ సంఘమునుండి బదిలీ అయినది. అప్పటినుండి ఇద్దరు పాస్టర్లు మారారు. పొదలో ఇంకా ఒక పిట్ట ఉంటున్నదని సంఘపెద్ద చెప్పుతుంటాడు.

పిట్టలను గూర్చి ఇంత శ్రద్ధగా చూచే చోటు మన దగ్గరే ఉన్నది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ లోయ ఒకప్పుడు బోడిగా ఉండేది. అక్కడి పాఠశాలవారు చెట్లు పెంచి, 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ స్థలముగా ప్రకటించుకొన్నారు. రంగస్వామి, శ్రీధర్ అనే ఇద్దరు కలిసి 1993లో అక్కడి పక్షులను గూర్చి పుస్తకము వ్రాశారు. చెట్లు వచ్చిన తరువాత అడవి పిట్టలు వచ్చాయి. మంచిదే. అయితే కసాయి పిట్టకు కావలసినది దట్టమైన అడవి కాదు. అక్కడక్కడ ముళ్ళపొద, నడుమ గడ్డి, కూర్చొనుటకు ఎత్తైన కొమ్మ. మనము 'పనికిరాని బీడు' అని పిలిచేదే దాని పొలము.

ఆ బీడే ఇప్పుడు కరిగిపోతున్నది. జేసీబీ ఒక్క పూటలో గట్టుమీది పొదలన్నీ పెకలిస్తుంది. చోటంతా మామిడి తోటయో, ఇండ్ల ప్లాట్లో అవుతున్నది. రేగుకంప కంచె పోయి ఇనుప జాలి వచ్చినది. రైతును తప్పు పట్టుట మా ఉద్దేశ్యము కాదు. కౌండిన్య అడవినుండి ఏనుగులు దిగే పల్లెలలో కంప కంచె దేనిని ఆపుతుంది? అయినను దేశమంతటా ముప్పైవేల మంది పక్షి పరిశీలకులు వ్రాసిన లెక్కలను కూర్చి 2023లో వెలువడిన భారతదేశ పక్షుల నివేదికలో 942 జాతులను పరిశీలించారు. బీళ్ళలో, గడ్డినేలలలో బ్రతికేవి, పురుగులను మాంసమును తినేవి ఎక్కువగా తగ్గిపోతున్నాయని తేలినది. బూడిదరంగు కసాయి పిట్ట తీవ్రముగా తగ్గినవాటిలో ఒకటి.

రెండవది మందులు. మందు కొట్టిన పొలములో ఎగరలేక వణుకుతూ ఉన్న మిడతయే ఈ పిట్టకు అన్నిటికంటె ముందు కనబడేది, కదలికను చూచి దిగేది గనుక. 1995-96లో అర్జెంటీనా దేశములో మోనోక్రోటోఫాస్ చల్లిన పొలములలో మిడతలు తిని వేలకొలది గద్దలు చచ్చిపడినవి. అదే మందు మన అంగళ్ళలో ఎంతకాలము అమ్మినారో రైతులకు మేము చెప్పనక్కరలేదు. దానిలో ఎక్కువగా వాడిన 36 శాతపు ద్రావకమును ఆపివేయుటకు మన కేంద్ర ప్రభుత్వము 2023లో ఉత్తర్వు ఇచ్చినది. షెడ్డులో పాత సీసా ఉంటే చూచుకోండి.

శనక్కాయ చేలలో ఎర్ర గొంగళి పురుగు పడిన సంవత్సరమును మరిచినవారుండరు. వ్యవసాయ శాఖవారు ఎకరాకు 10 నుండి 20 చొప్పున పక్షులు వాలుటకు కర్రలు నాటమని చెప్పుతుంటారు. పైన అడ్డకర్ర కట్టిన మామూలు కర్రే. ఖర్చు లేదు. పసుల పోలిగాడు, గోరింక, కసాయి పిట్ట దాని మీద కూర్చుని దినమంతా ఏరుకొంటాయి. ఎండిన కంది కట్టె అయినా చాలును. మా సంఘస్థుడొకడు నాటి, "అయ్యగారూ, కూలి అడగని మనుషులు" అన్నాడు. అతని కుమారుడే వాటిని ఉండేలుతో కొట్టుచుండగా మేము చూచాము. అబ్బాయికి చెప్పవలసినది చెప్పాము, ఉండేలు మా సంచిలోనే ఉన్నది.

మొదట చెప్పిన ఆ తల్లి ఇంటికి మరుసటి జూనులో వెళ్ళాము. దొడ్డి కంచె మార్చారు గాని మూలనున్న రేగు పొదను కొట్టలేదు. అందులో గూడు. పిల్లలు ఎగిరి నాలుగు దినములైనదట. వాటి ముఖము మీద నల్ల పట్టె ఇంకా సరిగా రాలేదు. ఒక పిల్ల మిడతను తెచ్చి కొమ్మ మీద పెట్టి లాగుతున్నది, అయితే అక్కడ ముల్లు లేదు. మిడత జారి పడినది. మరల తెచ్చినది. ఈసారి ముల్లుకు ప్రక్కగా లాగినది. మరల పడినది. పుట్టుకతో లాగుట వచ్చును గాని ముల్లు ఎక్కడున్నదో చూచుకొనుట వాటికి కొన్నాళ్ళకు గాని రాదు. అరుగు మీద కూర్చుని ఆ తల్లి వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టుతున్నది. "నాలుగోతూరి, అయ్యగారూ" అన్నది. ఐదవసారి పడిన మిడతను క్రిందనున్న కోడిపెట్ట ఎత్తుకొనిపోయినది.